బల్బు మారిస్తే చూపు పెరుగుతుందా?

విద్యార్థుల సంచికలో మోటారు సైకిలు బల్బు మీద వ్యాసమేమిటని ముక్కు మీద వేలేసుకొనేవారు వుంటారని నాకు తెలుసు. "యువత - దేశ భవిష్యత్తు" అనే శీర్షికకి ఏటా ఎవరో ఒకరు న్యాయం చేస్తూనే వున్నారు. ఆ యువత రాత్రి తొమ్మిదింటికి లైబ్రరీ మూసేశాక బండెక్కి క్షేమంగా ఇల్లు చేరుతోందా లేదా అన్నది కూడా దేశ భవిష్యత్తుకి సంబంధించిన సంగతే గదా! కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవారు 1,68,491 మంది. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తూ పోయినవారే. వీళ్ళంతా దీపం సరిగా లేక పోయారని ఎవరూ అనరు. కాని చీకట్లో బండి నడిపేవాడికీ, చీకట్లో రోడ్డు పక్కన నడిచిపోయేవాడికీ మధ్య వున్నది ఆ ఒక్క దీపమే. దాన్ని మనం ఎంత ఆలోచన లేకుండా మార్చేస్తున్నామో చూస్తూంటే ఈ నాలుగు మాటలూ రాయాలనిపించింది.

ఈ కాలేజీలోనే ఫిజిక్సు చదువుకొని, ఇక్కడే అదే పాఠం చెప్పుకొంటున్నవాణ్ణి నేను. మా వూరు నుంచి రోజూ బండి మీదే రాకపోకలు. అంచేత కుర్రవాళ్ళు బళ్ళకి ఏం చేయిస్తున్నారో దగ్గరగా చూస్తూంటాను. బండి కొన్న నెల తిరక్కుండా మొదట జరిగే సంస్కారం హెడ్‌లైటు బల్బు మార్చటం. "కంపెనీ బల్బు దండగ మాస్టారూ, దానికన్నా మా అమ్మమ్మగారి లాంతరు నయం" అంటారు. ఆ మాటలో అబద్ధం లేదు. మన దేశంలో ఎక్కువగా అమ్ముడుపోయిన చిన్న బళ్ళన్నిటికీ చాలాకాలం 35 వాట్ల బల్బే దిక్కు. గేదె నల్లన, రోడ్డు నల్లన, రాత్రి నల్లన. వీటి మధ్య ఆ 35 వాట్లు ఏ మూలకి? కోతల రోజుల్లో మన జిల్లాల్లో సగం రోడ్డు ధాన్యం ఆరబోతకే పోతుంది. దాని చుట్టూ కాపలాకి పెట్టిన రాళ్ళు రాత్రి పూట కన్ను పొడుచుకున్నా కానరావు. వెనక దీపం లేని ట్రాక్టరు ట్రక్కులు, చెరుకు బళ్ళు సరేసరి. మరీ ముఖ్యంగా మన ఆడపిల్లలు స్కూటర్ల మీద ఒంటరిగా పోవలసిన దారుల్లో వీధి దీపాలే వుండవు. ఇంకాస్త వెలుగు కావాలనటం వాళ్ళ హక్కు. నాకు పేచీ అక్కడ లేదు.

పేచీ ఎక్కడంటే, దుకాణంలో మనం వేసే ప్రశ్న దగ్గర. షాపువాడు బల్లమీద వరసగా పెడతాడు. 35/35, 60/55, 100/90, నీలం రంగు పూసినది, "నూట ముప్పై శాతం ఎక్కువ" అని అట్టపెట్టె మీద రాసినది, వెనకాల బుల్లి ఫ్యాను తిరిగే ఎల్.ఇ.డి. మనవాడు అడిగేది ఒకే ఒక్క మాట: "వీటిలో ఏది ఎక్కువ వెలుగిస్తుంది?" షాపువాడు దానికి జవాబు చెప్తాడు, డబ్బు తీసుకొంటాడు. ఆ వెలుగు ఎక్కడ పడుతుందని ఇద్దరిలో ఒక్కరికీ తోచదు.

ముందు మనకి ఎంత దూరం కనబడాలో లెక్క వేద్దాం. గంటకి 60 కిలోమీటర్లంటే సెకండుకి దాదాపు 17 మీటర్లు. ఏదో అడ్డం వచ్చిందని కన్ను చూసి, మెదడు గ్రహించి, కాలూ చెయ్యీ బ్రేకు మీద పడేసరికి ఒకటిన్నర సెకండ్లు అనుకొందాం. అప్పటికే 25 మీటర్లు వెళ్ళిపోయాం. అక్కణ్ణుంచి మంచి బ్రేకులు, పొడి రోడ్డు అయితే ఆగటానికి మరో 28 మీటర్లు. వెరసి 53. అదే 80 మీద పోతే 80 మీటర్లు దాటుతుంది. 40 మీద పోతే 30 లోపే. అంటే వేగం రెట్టింపయితే ఆగే దూరం రెట్టింపు కాదు, రెండున్నర రెట్లకి పైన. డిమ్‌లో మన చిన్న బండి దీపం చీకటి బట్టలు కట్టుకొన్న మనిషిని 50 మీటర్లకి చూపిస్తే గొప్ప. కనక ఆ దీపంతో 60 దాటటమంటే కళ్ళు మూసుకొని కొంత దూరం పోవటంతో సమానం.

"అందుకేగా మాస్టారూ, బల్బు మారుస్తున్నది?" అంటారు. ఇక్కడే విలోమ వర్గ సూత్రం అడ్డుపడుతుంది. ఇంటరులో బట్టీపట్టి పరీక్షలో రాసి మరిచిపోయిన సూత్రమే. దూరం రెట్టింపయితే వస్తువు మీద పడే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. కాబట్టి రెండింతలు దూరం చూడాలంటే నాలుగింతల దీపం కావాలి. నిర్ణీత ప్రమాణాల ప్రకారం 35 వాట్ల హెచ్.ఎస్.1 బల్బు డిమ్‌లో 525 ల్యూమెన్లు, 55 వాట్ల హెచ్4 బల్బు డిమ్‌లో 1000 ల్యూమెన్లు ఇవ్వాలి. వెలుగు దాదాపు రెట్టింపయింది. చూపు మాత్రం పెరిగేది నూటికి 38 వంతులే. 50 మీటర్లు చూసేవాడు 69 మీటర్లు చూస్తాడు. తీసిపారేసే లాభం కాదు, ఒప్పుకొంటాను. కాని ఆ ధైర్యంతో మనవాడు 60 నుంచి 80కి వెళ్తాడు. 80 మీద ఆగటానికి 80 మీటర్లు దాటుతుందని ఇప్పుడే చెప్పుకొన్నాం. బల్బు ఇచ్చిన లాభాన్ని యాక్సిలరేటరు వడ్డీతో సహా తినేసింది.

ఇక అట్టపెట్టె మీది "నూట ముప్పై శాతం" సంగతి. దీన్ని చూస్తే నాకు నవ్వొస్తుంది. అంతర్జాతీయ ప్రమాణం హెచ్4 బల్బుకి ఇచ్చిన వెసులుబాటు అటూ యిటూ 15 శాతం. అంటే డిమ్‌లో 850 ల్యూమెన్లకి తగ్గరాదు, 1150కి మించరాదు. ఆ హద్దుల్లో వున్న బల్బుల్లో అతి నీరసమైన దానికీ అతి బలమైన దానికీ తేడాయే 35 శాతం! మరి నూట ముప్పై ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? రోడ్డు మీద ఒకానొక చోట, ప్రమాణం కోరే కనీస వెలుగుతో పోల్చి చెప్పిన అంకె అది. మొత్తం వెలుగు అంత పెరిగిందని కాదు. పేరున్న కంపెనీల బల్బుల్లో కొంత నిజం వుంది సుమా! ఫిలమెంటుని కురచగా, బిగువుగా, సరిగ్గా వుండవలసిన చోట పెట్టి, మరింత వేడిమి మీద వెలిగిస్తారు. వెలుగు కావలసిన చోటికి కాస్త ఎక్కువ వెళ్తుంది. దానికి మూల్యం ఆయుష్షు. ఇవి తొందరగా మాడిపోతాయి.

నీలం బల్బుది మరీ అన్యాయం. ఖరీదైన కార్ల దీపాలు తెల్లగా నీలంగా వుంటాయి కనక మన బండికీ ఆ దర్జా రావాలని గాజుకి నీలం పూత పూస్తారు. ఫిలమెంటు నుంచి వచ్చేది ఎక్కువగా పసుపు, ఎరుపు వన్నె వెలుగు. దాన్ని పూత మింగేసి, కాస్త నీలాన్ని బయటికి వదులుతుంది. అంటే డబ్బిచ్చి వెలుగు తగ్గించుకొన్నాం. పైన పటారం, లోన లొటారం! పైగా ఎదుటివాడి కంటిని నీలం వన్నె వెలుగు మరింత ఇబ్బంది పెడుతుంది. ఫ్రాన్సు దేశంలో ఒకప్పుడు కార్లకి పచ్చని దీపాలే వుండాలని శాసనం చేశారు. 1993 దాకా ఆ దేశంలో ఆ రివాజు నడిచింది. పసుపు మేలన్న వాదన పూర్తిగా నిలబడలేదు గాని, నీలం మేలని మాత్రం ఏ శాస్త్రమూ చెప్పలేదు.

100/90 బల్బు వేయించుకొన్న మిత్రులకి ఒక చిన్న లెక్క. 12 వోల్టుల మీద 55 వాట్లకి సుమారు 4.6 ఆంపియర్లు, 90 వాట్లకి 7.5 ఆంపియర్లు. తీగెలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనక, అదే సన్నటి తీగె ఇప్పుడు 2.7 రెట్లు వేడెక్కుతుంది. ముందుగా మాడేది హ్యాండిలు మీది డిమ్-డిప్ స్విచ్చి. తర్వాత హోల్డరు. ఆ తర్వాత రిఫ్లెక్టరు మీది మెరుపు పూత పొక్కిపోతుంది. ఒక వానాకాలం రాత్రి స్విచ్చి కరిగి ఉన్న దీపం కాస్తా ఆరిపోతే అప్పుడు తెలుస్తుంది. కొండ నాలుకకి మందేస్తే వున్న నాలుక వూడిందంటారే, అదీ సంగతి. అసలు చిన్న బళ్ళలో చాలావాటికి హెడ్‌లైటు బ్యాటరీ మీద కాక నేరుగా మాగ్నెటో నుంచి వచ్చే ఎ.సి. మీద వెలిగేది. ఇంజను రేజు చేస్తే వెలుగు, వదిలితే మినుకుమినుకు. అలాంటి బండికి పెద్ద బల్బు పెడితే మాగ్నెటో అంత కరెంటు ఇవ్వలేదు, వోల్టేజి పడిపోతుంది, 60 వాట్ల బల్బు ఎర్రగా గుడ్లురుముతూ కూర్చుంటుంది. దీనికి తోడు చిన్న బల్బు అడుగు చెవులూ, పెద్ద బల్బు అడుగు చెవులూ ఒకలా వుండవు. అవి వేరుగా చేసిందే ఒకదాని బదులు ఇంకొకటి పెట్టకుండా. మన మెకానిక్కులు వాటిని ఆకురాయితో అరగదీసి ఎక్కిస్తారు. చేతిపనితనానికి మెచ్చుకోవచ్చు గాని, బల్బు వంకరగా కూర్చుందో నిటారుగా కూర్చుందో ఎవరు చూశారు?

వంకర అన్న మాట వచ్చింది కనక అసలు విషయానికి వస్తాను. హెడ్‌లైటంటే బల్బు కాదు. బల్బు, దాని వెనక వున్న రిఫ్లెక్టరు, ముందున్న అద్దం, మూడూ కలిపితే హెడ్‌లైటు. 1971లో యూరపులో వచ్చిన హెచ్4 బల్బుని ఒకసారి చేతిలోకి తీసుకొని చూడండి (గాజుని వేళ్ళతో ముట్టుకోకండి, చేతి జిడ్డు అంటినచోట గాజు విపరీతంగా వేడెక్కి బల్బు పాడవుతుంది). లోపల రెండు ఫిలమెంట్లుంటాయి. డిమ్ ఫిలమెంటు కింద దోనెలాంటి చిన్న రేకు వుంటుంది. ఆ రేకు వల్ల వెలుగు రిఫ్లెక్టరు పైసగం మీదే పడి, అక్కణ్ణుంచి రోడ్డు మీదకి కిందికి వాలుతుంది. కిందిసగం మీద పడితే పైకి ఎగిరి ఎదుటివాడి కళ్ళల్లో పడేది. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి! అంత చిన్న రేకు ముక్క ఎన్ని ప్రాణాలు కాస్తోందో లెక్కగట్టినవారు లేరు.

ఆ ఫిలమెంటు వుండవలసిన చోటు నుంచి ఒక్క మిల్లీమీటరు కిందికో పైకో జరిగిందనుకొందాం. రిఫ్లెక్టరు ఫోకల్ దూరం 25 మిల్లీమీటర్లయితే వెలుగు 25కి ఒకటి చొప్పున పక్కదారి పడుతుంది. అంటే 10 మీటర్ల దూరంలో 40 సెంటీమీటర్ల తేడా. రోడ్డు మీద పడవలసినది మనిషి ముఖం మీద పడుతుంది. ఇప్పుడు ఆ చోటులో ఎల్.ఇ.డి. బల్బు పెట్టండి. సన్నని తీగె వుండవలసిన జాగాలో, పలక మీద అటొకటి యిటొకటి అతికించిన చిప్పులు. వెలుగు పుట్టే చోటు మారింది, ఆకారం మారింది, చవక రకాల్లో ఆ దోనె రేకూ సరైన చోట వుండదు. వెలుగు మాత్రం బోలెడు. రిఫ్లెక్టరు పాపం ఏం చేస్తుంది? దానికి చేతనయిన దిక్కుకల్లా విసురుతుంది. చెట్ల కొమ్మలు కనిపిస్తాయి, మేడల మీది నీళ్ళ ట్యాంకులు కనిపిస్తాయి. బండి ముందు రెండు బారల మేర రోడ్డు తెల్లగా మెరుస్తుంది. దాంతో కుర్రవాడు "పట్టపగల్లా వుంది మాస్టారూ" అని మురిసిపోతాడు. దగ్గర అంత వెలుగు పడితే కంటిపాప కుంచించుకుపోయి దూరాన వున్నది ఇంకా చీకటయిపోతుందని వాడికి తెలియదు. దీపం కింద చీకటి అని మన పెద్దవాళ్ళు వూరికే అనలేదు.

ఎల్.ఇ.డి. చెడ్డదని నేననటం లేదు. దానికోసమే రిఫ్లెక్టరూ లెన్సూ లెక్కకట్టి తయారుచేసిన కంపెనీ దీపాలు ఈనాడు చాలా బళ్ళకి వస్తున్నాయి, అవి బాగుంటాయి. జర్మనీలో 2020 నుంచీ కొన్ని ఎల్.ఇ.డి. బల్బుల్ని పాత హ్యాలోజెన్ దీపాల్లో వేసుకోనిస్తున్నారు గాని, ఏ బల్బు ఏ బండి దీపంలో పరీక్షకి నిలిచిందో పట్టిక పెట్టుకొని మరీ ఒప్పుకొంటున్నారు. మన బజార్లో పెట్టె మీద వాట్లు, ల్యూమెన్లు ఇష్టం వచ్చినట్టు అచ్చువేసిన సరుకుకీ దీనికీ నక్కకీ నాకలోకానికీ వున్నంత దూరం.

ఎదుటివాడి సంగతి ఇప్పుడు చెప్పాలి. మా వూరి రోడ్డు మీద రాత్రి పాలక్యానులు కట్టుకొని సైకిలు మీద వెళ్ళే ఒక పెద్దాయన వున్నాడు. ఎదురుగా తెల్లదీపం బండి వస్తే ఆయన సైకిలు దిగి, మట్టిలోకి జరిగి, ముఖం పక్కకి తిప్పుకొని నిలబడతాడు. "కళ్ళముందు బూడిద చల్లినట్టుంటది బాబూ, అదిపోయినంక కూడా రోడ్డేదో కాలవేదో తెలవదు" అన్నాడొకసారి. వైద్యశాస్త్రం ఇంతకన్నా బాగా చెప్పలేదు. చీకటికి అలవాటుపడ్డ కన్ను తీవ్రమైన వెలుగు తగిలాక తిరిగి కుదుటపడటానికి కొన్ని సెకండ్లు పడుతుంది. పూర్తిగా చీకటికి అలవాటు పడటానికైతే 20, 30 నిమిషాలు. వయసు మళ్ళినకొద్దీ ఆ సెకండ్లు పెరుగుతాయి. ఇరవై ఏళ్ళవాడి కంటి లోపలి తెర మీదకి చేరే వెలుగులో అరవై ఏళ్ళవాడికి చేరేది సుమారు మూడో వంతేనని చెప్తారు. మా లెక్చరర్లు సాయంత్రం మీటింగు అయ్యాక బండి నెమ్మదిగా నడుపుతారని నవ్వే విద్యార్థులు ఈ అంకె గుర్తుంచుకోవాలి! ఎదురుగా వస్తున్నవాడు బస్సు డ్రైవరయితే? ఆ మూడు సెకండ్లలో 60 మీద అతని బస్సు 50 మీటర్లు పోతుంది. ఆ 50 మీటర్లలో అతనికి కనబడకుండా పోయే మొదటి వస్తువు ఏది? అతని కళ్ళు పోగొట్టిన మన బండే. లేదా మన వెనకాల సైకిలు మీద వస్తున్న వాడెవడో.

"లారీవాడు డిమ్ చేస్తాడా? చెయ్యడు. మరి నేనెందుకు చెయ్యాలి?" ఈ వాదం క్లాసులో ఎన్నిసార్లు విన్నానో! దీనికి జవాబు లెక్కల్లోనే వుంది. వాడి దీపం మీ దీపాన్ని చూసి తగ్గదు. మీరు 1000 ల్యూమెన్లు పెడితే వాడు 3000 పెడతాడు. వాడి లారీ సీటు ఎత్తు మీద వుంది, మీ దీపం వాడి కన్నుకి కిందుగా పోతుంది. ఈ పోటీలో చివరికి మట్టిలోకి దిగేది పాలసైకిలు పెద్దాయన, పొలం నుంచి తలమీద మోపుతో వచ్చే ఆడమనిషి. పోటీలో వాళ్ళ దగ్గర దీపమే లేదు.

చట్టం లేదా అంటే వుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే వుంది: దీపం ముందు 8 మీటర్ల దూరంలో, నేలకి ఒకటిన్నర మీటరు ఎత్తున కన్ను వున్న మనిషికి మిరుమిట్లు గొలపకుండా వెలుగు కిందికి వాలి వుండాలని. పూర్వం బస్సులకీ లారీలకీ హెడ్‌లైటు అద్దం మీద నల్లరంగు పూసేవారు, మన పాత విద్యార్థులకి గుర్తుండే వుంటుంది. అది మోటు ఉపాయమే. అయినా అవతలివాడికి కళ్ళున్నాయన్న జ్ఞాపకం అందులో వుండేది. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకి పగలూ రాత్రీ దీపం వెలుగుతూనే వుండాలన్న నియమం వచ్చింది. మంచిదే, బండి ఎదుటివాడికి కనబడుతుంది. కాని వెలుగుతున్నదా లేదా అని చూసేవారున్నారు గాని, ఎటు వెలుగుతున్నదని చూసే పోలీసుని నేనింతవరకూ చూడలేదు.

మరి ఏం చెయ్యమంటావయ్యా అంటే, నా అభిప్రాయం ఇది. బల్బు కొనటం ఆఖరి పని. ముందు అద్దం కడగండి. పురుగులు, దుమ్ము, లోపల చెమ్మ, రిఫ్లెక్టరు మీద తుప్పు మరకలు, ఇవే సగం వెలుగు తినేస్తాయి. రిఫ్లెక్టరు మసకబారి వుంటే దాన్నే మార్చండి. పెద్ద బల్బుకి పెట్టే డబ్బు కన్నా దానికి పెట్టేదే సార్థకం. తర్వాత మన ల్యాబులో వున్న మల్టీమీటరు తీసుకొని, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర ఎంత వోల్టేజి వుందో, బల్బు హోల్డరు దగ్గర ఎంత వుందో చూడండి. (బ్యాటరీ మీద వెలిగే దీపాలకే ఈ పరీక్ష.) అక్కడ 13.5 వుండి ఇక్కడ 12.2 మాత్రమే వుందంటే తీగెల్లో, స్విచ్చిలో, తుప్పుపట్టిన ఎర్తులో నూటికి పది వంతులు పోయిందన్నమాట. పదే కదా అనుకోకండి. ఫిలమెంటు వెలుగు వోల్టేజి పెరుగుదల కన్నా చాలా ఎక్కువగా, ఇంచుమించు 3.4 ఘాతం చొప్పున మారుతుంది. పది వంతుల వోల్టేజి పోతే వెలుగు 30 వంతులు పోతుంది! వంద రూపాయల తీగె, ఒక రిలే, శుభ్రంగా గీకిన ఎర్తు, ఇవి చేసిపెట్టే మేలు పెట్టె మీది శాతాలు చెయ్యవు. అలాగని మరీ పెంచెయ్యకూడదు. అయిదు వంతుల వోల్టేజి పెరిగితే బల్బు ఆయుష్షు సగమవుతుంది.

ఆ తర్వాత దీపం వాలు. ఇది ఎవరూ చూడరు, చూడవలసింది ఇదే. దీపం నేలకి 90 సెంటీమీటర్ల ఎత్తున వుందనుకొండి. ప్రతి 10 మీటర్లకీ 10 సెంటీమీటర్లు కిందికి వాలితే డిమ్ వెలుగు పైఅంచు 90 మీటర్ల దూరాన నేలని తాకుతుంది. 15 వాలితే 60 మీటర్ల దగ్గర. బండి మీద ఒక్కరే వున్నప్పుడు సరిచేసిన ఈ వాలు, వెనక స్నేహితుడు ఎక్కగానే తారుమారవుతుంది. రెండు చక్రాల మధ్య దూరం సుమారు 125 సెంటీమీటర్లు. వెనక స్ప్రింగులు రెండున్నర సెంటీమీటర్లు కుంగితే బండి నూటికి రెండు వంతులు పైకి ఎత్తినట్టు. ఒక వంతు కిందికి వుండవలసిన దీపం ఒక వంతు పైకి లేచి ఆకాశ దీపమవుతుంది. మనలో ఒక్కడుగా బండెక్కేవాడెవడు? ఇద్దరు ఎక్కుతారు, నిజం చెప్పాలంటే ముగ్గురు. వాళ్ళ మధ్య బియ్యం మూట. కనక ఎప్పుడూ వుండే బరువుతోనే వాలు చూసుకోవాలి. స్క్రూ తిప్పటానికి అరనిమిషం, ఖర్చు సున్న.

ఇవన్నీ చేశాక కూడా చాలకపోతే అప్పుడు దుకాణానికి వెళ్ళండి. బండి పుస్తకంలో ఏ వాటేజి రాసి వుందో అదే, ఏ అడుగు రాసి వుందో అదే, పేరున్న కంపెనీది, పూతలు లేనిది కొనండి. తొందరగా మాడిపోయినా ఫరవాలేదనుకొంటే అదే వాటేజిలో ఆ బిగువు ఫిలమెంటు రకం తెచ్చుకోవచ్చు. పాత బల్బుని గుడ్డలో చుట్టి సీటు కింద వుంచుకోండి. రోజూ 40 కిలోమీటర్లు చీకటి దారిన పోవలసినవాళ్ళు, బండి జనరేటరు అంత కరెంటు ఇవ్వగలిగితే, మొత్తం దీపాన్నే రిఫ్లెక్టరుతో సహా అరవై వాట్ల రకానికి రిలేతో మార్పించుకోవటం సబబు. అప్పుడు కూడా రిజిస్ట్రేషను నాటి తయారీకి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెప్తోందన్న సంగతి అధికారుల దగ్గర కనుక్కొని మరీ చెయ్యాలి. మిగిలిన నీలాలూ, నూట ముప్పైలూ, ఫ్యానులూ వద్దు.

యూనియన్ మిత్రులకి ఒక మనవి. ఏటా రక్తదానమూ, మొక్కలు నాటటమూ చేస్తూనే వున్నారు. ఈ ఏడు ఒక సాయంత్రం హాస్టలు వెనక తెల్లగోడ ముందు పది మీటర్ల దూరాన నేల మీద ముగ్గుతో గీత గీయండి. గోడ మీద 80, 90, 100 సెంటీమీటర్ల ఎత్తున బొగ్గుతో మూడు అడ్డగీతలు. బండి దీపం నేలకి ఎంత ఎత్తున వుందో టేపుతో కొలిచి, ఎప్పుడూ వెనక కూర్చునేవాణ్ణి ఎక్కించి, డిమ్ పైఅంచు దీపం ఎత్తు కన్నా 10, 15 సెంటీమీటర్లు కిందుగా గోడ మీద పడేటట్టు స్క్రూ తిప్పటమే. టేపులూ మల్టీమీటర్లూ మా డిపార్టుమెంటు నుంచి నేను తెస్తాను. స్క్రూడ్రైవర్లు మాత్రం మీవి మీరు తెచ్చుకోండి. క్రిందటి ఏడు ల్యాబువి రెండు తిరిగి రాలేదు.